కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి

స్కూల్ సంచిక కమిటీ అంటే కవితలు ఏరడం, కథలు దిద్దడం అనుకుని పేరిచ్చాను. నాతో చేరినవాళ్లందరిదీ అదే భ్రమ. తెలుగు సార్ మా ఉత్సాహం చూసి నవ్వుకుని, మమ్మల్ని తీసుకెళ్లి డ్రాయింగ్ సార్‌కు అప్పగించారు. ఆయన మా చేతికి స్కేళ్లు, కత్తెరలు, పాత క్యాలెండర్ కాగితాలు ఇచ్చి, "రాసినది ఎక్కడ కూర్చోవాలో ముందు తెలియాలి. ఏమి రాశారన్నది తర్వాత" అన్నారు. కాబోయే కవిగా నన్ను నేను భావించుకుంటున్న రోజులు. ఆ మాట చాలా అవమానంగా తోచింది.

1999 నాటి సంగతి ఇది. కర్నూలులో మా బడికి ఇరవై అయిదేళ్లు నిండాయి. ప్రతి ఏడూ వచ్చే పల్చటి సంచిక బదులు లావుపాటి రజతోత్సవ సంచిక వేయాలన్నారు. ఇప్పటి పిల్లల ఇయర్‌బుక్‌కూ మా సంచికకూ చుట్టరికం ఉంది కానీ దగ్గరిది కాదు. ఇయర్‌బుక్‌లో రాత తక్కువ, మొహాలు ఎక్కువ. ఆ ఏడు బడిలో ఉన్న ప్రతి ఒక్కరూ అందులో కనిపించాలి. మా సంచికల్లో మొదట సందేశాలు, తర్వాత వ్యాసాలు, చివర్న ఎక్కడో నాలుగు గ్రూపు ఫోటోలు ఉండేవి. ఆ ఏడు మాత్రం హెడ్మాస్టరు గారు పదో తరగతి పిల్లలందరి విడి ఫోటోలూ వేయాలని పట్టుబట్టారు. అదీ రంగుల్లో. ముందు పబ్లిక్ పరీక్షలు పెట్టుకుని ప్రెస్సు చుట్టూ తిరగడమేమిటని ఇంట్లో అమ్మ సణిగేది. హెడ్మాస్టరు గారి పేరు చెప్పి తప్పించుకునేవాళ్లం.

ప్రెస్సు పాత బస్తీలో ఉండేది. కొండారెడ్డి బురుజు దాటి ఒక సందులోకి తిరిగితే సిరా వాసన ముందు, ట్రెడిల్ అచ్చు యంత్రం చప్పుడు తర్వాత ఎదురయ్యేవి. ముందు గదిలో ట్రెడిల్ మీద పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు అచ్చయ్యేవి. వెనుక రేకుల షెడ్డులో పెద్ద కాగితాలను ప్లేట్లతో అచ్చేసే ఆఫ్‌సెట్ మిషను. రెండింటి మధ్య అద్దాల గది, అందులో కంప్యూటరు, ఆ భవనం మొత్తానికీ ఒకే ఒక ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. కర్నూలు ఎండలకు మనుషులు ఏమైనా ఫర్వాలేదు, కంప్యూటరు మాత్రం చల్లగా ఉండాలి అని అందరూ నమ్మే రోజులవి.

అక్కడి ఫోర్‌మన్‌ను మేము చాచా అనేవాళ్లం. సీసపు అక్షరాలను స్టిక్కులో పేర్చడంతో పని మొదలుపెట్టి, ఆ వయసులో ఆఫ్‌సెట్ నేర్చుకున్న మనిషి. ఆయనకు మా కథలూ కవితలూ ఏవీ పట్టవు. మొదటి రోజు అడిగిన ప్రశ్న ఒక్కటే.

"ఎన్ని పేజీలు?"

"అరవై రెండు" అన్నాం గర్వంగా. లెక్క పక్కాగా కట్టుకుని వెళ్లాం మరి.

"అరవై రెండు పేజీల పుస్తకం ఈ లోకంలో ఉండదు నాయనా" అన్నారు ఆయన. ఒక పెద్ద కాగితం తీసుకుని సగానికి, మళ్లీ సగానికి, మళ్లీ సగానికి మడిచి మా చేతిలో పెట్టారు. "పేజీల అంకెలు వేసుకుంటూ పోండి. కత్తిరించొద్దు."

మడతల మధ్య పెన్సిలు దూర్చి 1 నుంచి 16 దాకా వేశాం. తర్వాత కాగితం విప్పమన్నారు. విప్పితే అంతా గందరగోళం. ఒక వైపు 1 పక్కన 16 ఉంది, 8 పక్కన 9 ఉంది, సగం అంకెలు తలకిందులుగా ఉన్నాయి. మాకు తమాషాగా అనిపించింది. చాచాకు అది దినచర్య. డబుల్ క్రౌన్ కాగితం 20 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు. ఒక వైపు 8 పేజీలు, రెండో వైపు 8 పేజీలు. మడిచి అంచులు కోస్తే 16 పేజీల ఫారం. ఏడున్నర అంగుళాలు పది అంగుళాల పేజీ, కోత పోగా ఇంకాస్త తక్కువ. దాన్నే క్రౌన్ పావు సైజు అంటారు. నాలుగు ఫారాలైతే 64 పేజీలు. రెండు పేజీలు తగ్గినా కాగితం తగ్గదు, ఖర్చూ తగ్గదు. మడిచిన కాగితాల కట్టను డమ్మీ అన్నారు. పేజీలను ప్లేటు మీద ఆ గందరగోళపు వరుసలో అమర్చడాన్ని ఇంపోజిషన్ అన్నారు. ఆ మాట వినగానే మా అందరి చేతులూ నొప్పి పుట్టాయి. మా బడిలో ఇంపోజిషన్ అంటే వంద సార్లు రాయడమే.

మా అమ్మాయి బడిలో ఇప్పుడు ఇదే ఫారాన్ని సిగ్నేచర్ అంటున్నారు. కాగితంలో ఒక వైపు పడే 8 పేజీలకు ఫ్లాట్ అని పేరు. ఇయర్‌బుక్ వేసే పిల్లలకు మొదట నేర్పేది ల్యాడర్ గీయడం. ఏ పేజీలో ఏమి వస్తుందో, ఏ పేజీకి ఏ పేజీ ఎదురుగా పడుతుందో నిలువునా గీసుకున్న పట్టిక అది. ఒకటో పేజీ కుడి చేతి వైపు ఒంటరిగా పైన ఉంటుంది, తర్వాత 2-3, 4-5 జంటలుగా దిగుతూ పోయి, చివరి పేజీ ఎడమ వైపు ఒంటరిగా మిగులుతుంది. తను తెచ్చిన ల్యాడర్ చూసి నేను "మీ రంగు పేజీలు ఏవి?" అని అడిగాను. "అన్నీ రంగువే కదా నాన్నా" అంది విసుగ్గా. నిజమే, ఇప్పుడు ఆ బాధ లేదు. కానీ మా సంచికలో అసలైన మజా అంతా ఆ బాధలోనే ఉంది.

నాలుగు రంగుల అచ్చుకు హైదరాబాద్ పంపాలి. డబ్బు ఉన్నది ఒక్క ఫారానికి, అది కూడా కాగితానికి ఒక వైపు రంగుల్లో వేయడానికి మాత్రమే. రెండో వైపు నలుపే. అంటే ఎనిమిది రంగు పేజీలు. పదో తరగతిలో మూడు సెక్షన్లు. ఎవరికి రంగు, ఎవరికి నలుపు? ఏ సెక్షన్‌లో మొదటి ర్యాంకు ఉందో దానికి అన్నారు ఒకరు. ఇంగ్లీషు మీడియం సెక్షన్‌కు అన్నారు మరొకరు. ఆ మాటతో మా కమిటీ రెండుగా చీలింది. తెలుగు మీడియంవాళ్లం మేము సి సెక్షన్.

చాచా గొడవ వింటూ బీడీ ముగించి, మేము అంకెలు వేసిన కాగితాన్ని మళ్లీ విప్పించారు. ఒక వైపు ఏమేమి ఉన్నాయో చదవమన్నారు. 1, 4, 5, 8, 9, 12, 13, 16. "నాలుగు, అయిదు ఎదురెదురుగా పడతాయి. ఎనిమిది, తొమ్మిది ఎదురెదురుగా. పన్నెండు, పదమూడు ఎదురెదురుగా. మూడు సెక్షన్లకు మూడు జంటలు. ఇంకా రెండు పేజీలు మిగులుతాయి. వాటిలో మీ సార్ల ఫోటో ఒకటి, ఆటలది ఒకటి వేసుకోండి." ఆ ఫారాన్ని పుస్తకం చివర్న పెట్టాం కాబట్టి అచ్చులో మా సెక్షన్లు 52-53, 56-57, 60-61 పేజీలయ్యాయి. న్యాయం కాగితపు మడతలోనే ఉందని తెలిశాక కొట్లాడుకోవడానికి మాకు ఏమీ మిగల్లేదు. కొంచెం నిరాశ పడిన మాట కూడా వాస్తవం.

అద్దాల గదిలో కూర్చుని కంప్యూటరులో పేజీలు కట్టే డీటీపీ అక్క వేళ్లు చూడటానికే కొందరు వచ్చేవారు. పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అను తెలుగు ఫాంట్లు, చప్పుడు చేసే కీబోర్డు. తెరవైపే చూస్తూ, పక్కనున్న మాతో మాట్లాడుతూ కొట్టేసేది. ఆమె దగ్గర నేను నేర్చుకున్నది వరుసకూ వరుసకూ మధ్య ఖాళీ గురించి. అంగుళంలో 72వ వంతు ఒక పాయింటు. 12 పాయింట్లు ఒక పైకా. కరస్పాండెంటు గారి ఇంగ్లీషు సందేశానికి 10 పాయింట్ల అక్షరం మీద 12 పాయింట్ల వరుస సరిపోయింది. అదే కొలత తెలుగుకు పెడితే పేజీ అంతా తొక్కిసలాట. గుడి, గుడిదీర్ఘం పైకి లేస్తాయి, వత్తులు కిందికి దిగుతాయి. పై వరుసలో 'రాష్ట్రం', దాని కిందే 'స్థితి' వచ్చాయంటే ఆ రెండు వత్తులూ వచ్చి గుడిని గుద్దుకుంటాయి. అందుకని ఆమె లీడింగ్, అంటే ఆ వరుసల మధ్య ఖాళీ, ఎక్కువ పెట్టేది. ఎక్కువ పెడితే వ్యాసం పొడవవుతుంది, పొడవైతే పేజీ దాటుతుంది, దాటితే చాచా ఒప్పుకోరు. ఈ మూడింటి మధ్య నా కవిత చివరి చరణం ఎగిరిపోయింది. ఇప్పుడు చదువుకుంటే ఆ చరణం పోవడమే మంచిదయింది.

సన్నటి కాలమ్‌లో రెండంచులూ సమానంగా రావాలంటే తెలుగు ఇంకో పేచీ పెడుతుంది. మన పదాలు పొడవు. 'విద్యార్థినీవిద్యార్థులందరికీ' అని ఒకాయన సందేశంలో రాశారు. అది వరుసలో పట్టక కిందికి దిగింది. పై వరుసలో మిగిలిన రెండు చిన్న పదాలు చెరొక అంచు పట్టుకుని, మధ్యలో మైదానమంత ఖాళీ వదిలాయి. ఇలాంటి ఖాళీలు వరుసగా నాలుగైదు వరుసల్లో కలిసి పైనుంచి కిందికి పాయలా పారితే ఆ పాయను రివర్ అంటారు. తుంగభద్ర, హంద్రి ఉన్న ఊళ్లో మూడో నది ఎందుకని డ్రాయింగ్ సార్ మూడు కాలమ్‌ల పేజీని రెండు కాలమ్‌లకు మార్పించారు. పేరా చివరి ముక్క ఒంటరిగా తర్వాతి పేజీ నెత్తిన పడితే దాన్ని విడో అనేవారు. అలాంటివి కనిపిస్తే పై పేరాలో ఒక మాట కోసి వెనక్కి లాగాలి.

ఎదురు సమస్య కూడా ఉండేది. వ్యాసం అయిపోతుంది, పేజీలో అడుగున రెండు అంగుళాలు మిగులుతాయి. దానికి మందు ఫిల్లర్. తెలుగు సార్ జేబులో ఫిల్లర్ల చీటీలు ఉండేవి. నాలుగు వరుసలది, ఆరు వరుసలది, పది వరుసలది, ఏ ఖాళీకి ఏది కావాలంటే అది. కర్నూలు 1953 అక్టోబరు 1 నుంచి 1956 అక్టోబరు 31 వరకు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అన్నది ఆరు వరుసల చీటీ. సుంకేసుల దగ్గర మొదలయ్యే కర్నూలు-కడప కాలువది పది. కర్నూలు వైద్య కళాశాల 1957లో మొదలయిందన్నది రెండే వరుసలు. మా ఊరి చరిత్రలో నాకు గుర్తున్నదంతా పేజీ అడుగున మిగిలిన ఖాళీల పుణ్యమే. పరీక్షల్లో అడగలేదు కానీ, ఇప్పటికీ మర్చిపోలేదు.

ప్రకటనల గురించి ఎక్కువ చెప్పను. నాలుగో అట్ట, అంటే వెనుక అట్ట, ఖరీదు ఎక్కువ, అట్టల లోపలి వైపులైన రెండో అట్ట, మూడో అట్ట తర్వాత, లోపలి పేజీల్లో కుడి చేతి పేజీకి గిరాకీ. బియ్యం మిల్లులు, ఆదోని జిన్నింగు మిల్లులు, బట్టల కొట్లు అన్నీ 'శుభాకాంక్షలతో' అనే ఒక్క మాట వేయించుకునేవి. ఏమి అమ్ముతారో ఎవరూ రాయించలేదు.

ఇక ఫోటోలు. ఇక్కడ ఆగాలి.

సెక్షన్‌కు నలభై మంది. జంట పేజీలో ఒక్కో పేజీకి ఇరవై. అడ్డంగా నాలుగు, నిలువుగా అయిదు. ఇలా గళ్లలో పేర్చిన మొహాల పేజీని ఇయర్‌బుక్‌వాళ్లు ప్యానెల్ పేజీ అంటారు. పిల్లలు తెచ్చిన ఫోటోలు నానా రకాలు. కొందరివి నడుము దాకా, కొందరివి మొహం మాత్రమే, ఒకడిది బంధువుల పెళ్లిలో గుంపులోంచి కత్తిరించినది. పట్నంలో పేరున్న ఇంటి పిల్లలు స్టూడియోలో పెద్ద సైజులో తీయించుకుని తెచ్చారు. వాటిని అలాగే పెడితే ఒకడి తల నిమ్మకాయంత, పక్కవాడి తల దబ్బకాయంత. డ్రాయింగ్ సార్ ట్రేసింగ్ కాగితం మీద ఒక దీర్ఘచతురస్రం గీసి, లోపల రెండు అడ్డగీతలు గీశారు. గడ్డం కింది గీత మీద ఆనాలి, కళ్లు పై గీత మీద ఉండాలి. ఎవరి ఫోటో అయినా సరే, ఆ గీతలకు తగ్గట్టు పెంచి లేదా కుదించి, మిగిలింది క్రాప్ చేయాలి. స్టూడియో ఫోటోల్లోని పూలకుండీలు, తెరలు, కుర్చీ చేతులు అన్నీ ఆ కోతలో పోయాయి. చివరికి పేజీ పైనుంచి చూస్తే నాలుగేసి జతల కళ్లు ఒకే గీత మీద మన వంక చూస్తున్నాయి. ఎవరి నాన్న ఏమి చేస్తాడో తెలియకుండా పోయిన పేజీ మా బడిలో అదొక్కటే.

మా అమ్మాయి చెప్పే ఐలైన్ వేరు. అది జంట పేజీల్లో ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఫోటోల అంచులను కలుపుతూ పోయే సన్నటి ఖాళీ బాట. ఫోటోకూ ఫోటోకూ మధ్య ఎక్కడ చూసినా ఒకే ఒక పైకా ఎడం ఉండాలట. ఒక ఫోటో మిగతావాటికి కనీసం రెట్టింపు ఉండాలి, దాని పేరు డామినెంట్ ఫోటో. ఖాళీ జాగా మధ్యలో ఇరుక్కోకుండా బయటి అంచులకు నెట్టాలి. ఇవన్నీ డ్రాయింగ్ సార్ పేర్లు చెప్పకుండానే చేయించేవారు. మొహం ఎటు చూస్తోందో చూడమనేవారు. ఎడమ పేజీలోని మనిషి ఎడమకు చూస్తుంటే చదివేవారి చూపు పుస్తకంలోంచి బయటికి పోతుంది, లోపలికి చూడాలి. ఈ నియమం విన్న డీటీపీ అక్క ఒక ఉపాయం కనిపెట్టింది. ఫోటోను అద్దంలోలా తిప్పేయడమే. ఒక నొక్కుతో మనిషి ఇటు తిరుగుతాడు. అలా తిప్పిన టీచర్ల ఫోటో ప్రూఫు చూసి మా కుట్టు టీచర్ "నా పైట కుడి భుజం మీద ఎప్పుడు వేసుకున్నాను?" అన్నారు. ఆవిడ తప్ప ఎవరూ కనిపెట్టలేదు. లెక్కల సార్ చేతి గడియారం కూడా చేయి మారింది. ఆయన అది గమనించకుండా ప్రూఫు మీద సంతకం పెట్టారు. లెక్కలకు ఆయన ఎంత కఠినమో తెలిసిన మాకు అది పెద్ద పండుగ.

సంక్రాంతి సెలవుల తర్వాత గ్రూపు ఫోటో తీశారు. నా పక్క బెంచీవాడు ఆ రోజు లేడు. వాడిది కోసిగి వైపు పల్లె, హాస్టల్లో ఉండి చదివేవాడు. ఆ వైపు ఊళ్లలో వానలు లేని ఏడు జనవరి వచ్చిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి బండ్లెక్కి పోతారు. వాళ్ల అమ్మానాన్నలు అలాగే వెళ్లారు. అక్కడ అమ్మకు జ్వరమని కబురొస్తే వీడు గుంటూరు వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఫోటో అయిపోయింది.

అప్పటి సంప్రదాయం ప్రకారం రానివాళ్ల మొహాన్ని గ్రూపు ఫోటో పై మూలలో కోడిగుడ్డు ఆకారంలో కత్తిరించి అతికిస్తారు. దాన్ని ఇన్‌సెట్ అంటారు. పాత గ్రూపు ఫోటోల్లో మీరు చూసే ఉంటారు. మా ఇంట్లో నాన్న ఉద్యోగపు గ్రూపు ఫోటోలో అలా పైన ఉన్నాయనను నేను చాలాకాలం చనిపోయినవారనుకున్నాను. వీడు ప్రూఫులో తనను తాను చూసుకుని అదే అన్నాడు. "నాకు దండ ఒక్కటే తక్కువ."

వాడి దగ్గర ఉన్నది హాల్ టికెట్‌కు తీయించిన నలుపు తెలుపు ఫోటో. ప్యానెల్ పేజీల్లో ముప్పై తొమ్మిది మంది రంగుల్లో, వాడొక్కడే నలుపు. వాడిది చివర పెడదాం, ప్రత్యేకంగా కనిపించదు అన్నారెవరో. డ్రాయింగ్ సార్ ఒప్పుకోలేదు. పేర్ల వరుసలో వాడి స్థానం ఎక్కడో అక్కడే. గడ్డం కింది గీత మీద, కళ్లు పై గీత మీద. పేజీ అచ్చయి వచ్చాక చూస్తే, మొదట కన్ను పోయేది వాడి మీదికే. రంగుల మధ్య ఆ ఒక్క నలుపు ఫోటో డామినెంట్ అయి కూర్చుంది.

గ్రూపు ఫోటోల కింద పేర్లు రాయడమంత యాతన ఇంకొకటి లేదు. 'కూర్చున్నవారు, ఎడమ నుంచి కుడికి', 'నిలుచున్నవారు, మొదటి వరుస', 'రెండో వరుస'. ఎవరి ఎడమ? చూసేవారి ఎడమ. సగం మంది తమ ఎడమ చేయి చూసుకుని పేర్లు తిరగేసి ఇచ్చారు. తెలుగు సార్ ఫోటో ముందు నిల్చుని ఒక్కో మొహం మీద పెన్సిలు మొన ఆనించి పేరు పిలిచి, మేము అవునంటే రాసుకునేవారు. ఇరవై ఏళ్ల తర్వాత మీ మొహం మీకే గుర్తు రాదు, పేరే దిక్కు అనేవారు. మాకు అప్పుడు నవ్వొచ్చింది.

అచ్చు నాణ్యత కంటే నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది గట్టర్ విషయంలో. జంట పేజీలు కలిసే లోపలి మడత అది. దానికి మా ఇంట్లో ఒక పాత కక్ష ఉంది. అంతకు మూడేళ్ల ముందు సంచికలో మా అక్క ఖోఖో జట్టు ఫోటో వేశారు. జిల్లా పోటీల్లో గెలిచిన జట్టు కాబట్టి ఫోటోను రెండు పేజీల మీదికి పరిచారు. అక్క కెప్టెన్. కెప్టెన్ కాబట్టి మధ్యలో కూర్చుంది. మధ్యలో కూర్చుంది కాబట్టి మడతలో పోయింది. సంచికకు పక్క నుంచి పిన్నులు కొట్టారు. అలాంటి పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, లోపలి అర అంగుళం పిన్నులకే బలి. ఎంత విప్పి చూసినా ఒక చెవి, కప్పులో సగం. పిన్నులు ఊడదీస్తే తప్ప అక్క కనపడదు. అమ్మ ఒకరోజు నిజంగానే ఊడదీసింది.

అందుకే చాచాను నేను పదే పదే గట్టర్ గురించి అడిగేవాణ్ని. రెండు పేజీల ఫోటో వేయాల్సి వస్తే మనుషుల మధ్య సందు చూసి అక్కడ మడత పడేలా జరపాలని, అయినా కుదరకపోతే ఒక పేజీకే కుదించాలని ఆయన చెప్పారు. ఫారం నట్టనడుమ పడే జంట పేజీ మాత్రం ఒకే కాగితం, అక్కడ రెండు సగాలూ చీలవు. మిగతా జంటల్లో ఎడమ సగం ఒక చోట, కుడి సగం కాగితంలో ఇంకెక్కడో అచ్చవుతుంది. మడిచాక వెంట్రుక వాసి తేడా వచ్చినా మొహం మొహంలా ఉండదు. అట్ట మీద బురుజు బొమ్మకు బ్లీడ్ ఇవ్వడం కూడా అప్పుడే చూశాను. బొమ్మను పేజీ అంచు దాటి నాలుగు వైపులా ఎనిమిదో వంతు అంగుళం పెంచి వేస్తారు, కోత మిషన్ కాస్త పక్కకు కోసినా తెల్ల గీత మిగలకుండా. అంచుకు దగ్గరగా అక్షరాలు పెట్టకూడదు. డ్రాయింగ్ సార్ తన సంతకం అట్ట మూలన పెట్టుకున్నారు. చాచా చెప్పగానే మారు మాట్లాడకుండా లోపలికి జరిపారు.

సంచిక వార్షికోత్సవం నాటికి వచ్చింది. అందరూ ముందు 49వ పేజీ నుంచే తెరిచారు. మా వ్యాసాలు ఎవరూ చదవలేదు.

తర్వాత పదేళ్లకు, 2009 అక్టోబరు 2న, తుంగభద్ర, హంద్రి రెండూ ఊళ్లోకి వచ్చాయి. పాత బస్తీ మునిగింది. ప్రెస్సులో కాగితం రీములు, పాత ప్లేట్లు, టైపు కేసులు అన్నీ బురదలో కలిశాయి. బడిలో దాచిన సంచికలు పోయాయి. మా ఇంట్లో కింది అరలో ఉన్న నా ప్రతిని నీళ్లు తీశాక ఎండబెట్టాను. అప్పుడు తెలిసింది, కాగితాల్లో కూడా రకరకాల ప్రాణాలు ఉంటాయని. వ్యాసాలు, కవితలు వేసిన మ్యాప్‌లితో, అంటే పూత లేని కాగితపు పేజీలు ఉబ్బి, మరకలు పడి, ఒక్కొక్కటిగా విడివడ్డాయి. రంగు ఫోటోల ఆర్ట్ పేపరు మాత్రం విడిపోలేదు. ఆ నునుపు పూత తడిస్తే జిగురవుతుంది, ఆరితే పేజీలన్నీ ఒకే పలక. ఎవరూ చదవని నా కవిత మిగిలింది. అందరూ చూసిన మొహాలు అతుక్కుపోయాయి.

ఇప్పుడు మా బ్యాచ్ కలయికకు చిన్న పుస్తకం వేద్దామని మళ్లీ కూర్చున్నాం. పాత ఫోటోలు కావాలి. ఎవరిని అడిగినా వరదలోనో, ఇల్లు మారినప్పుడో పోయిందన్నారు. చెక్కుచెదరని ప్రతి దొరికింది కోసిగి వైపు నుంచి. ఇన్‌సెట్‌లో ఉన్నవాడే. వాళ్ల ఊరికి నీళ్లు రావడమే అరుదు, వరద ఎక్కడిది అని నవ్వాడు. వాడు ఇప్పుడు ఆదోనిలో ఉపాధ్యాయుడు. సంచిక పంపుతూ షరతు పెట్టాడు. ఈసారి తను వచ్చేదాకా గ్రూపు ఫోటో తీయకూడదు, ఆలస్యమైతే కుర్చీ ఖాళీగా ఉంచాలి కానీ పై మూలన గుడ్డులో పెట్టకూడదు.

పుస్తకం పేజీలు పెడుతున్నది మా అమ్మాయి. తన సాఫ్ట్‌వేర్‌లో గళ్లు ముందే గీసి ఉంటాయి, ఫోటో లాగి వదిలితే అదే కుదురుకుంటుంది. తలల సైజులు మాత్రం అది చూసుకోదు. డ్రాయింగ్ సార్ గీతల సంగతి చెప్పి, రెండు గీతలు తెర మీద గీయించాను. పాత ప్యానెల్ పేజీని స్కాన్ చేసేటప్పుడు నలుపు ఫోటోకు కంప్యూటరులో రంగులు వేయవచ్చు అంది. వాడినే అడిగితే వద్దన్నాడు.

గ్రూపు ఫోటో దగ్గర మాత్రం తండ్రీకూతుళ్లకు పడలేదు. తను రెండు పేజీల మీద పరచాలంటుంది, ఇప్పటి బైండింగులు బాగా తెరుచుకుంటాయంటుంది. మా అక్కకు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. అత్తా మేనకోడలూ చాలాసేపు వాదించుకున్నారు. చివరికి కుడి చేతి పేజీలో ఒక్కదానిలోనే వేస్తున్నాం, ఎడమ పేజీ నిండా పేర్లు. మొహాలు చిన్నవవుతాయి. అయితే అయ్యాయి.